అడుగు చూసే మనిషి

పోయిన నెల పుంగనూరులో ఒక పెళ్ళికి వెళ్ళి గోడ నాకబోయాను. మా ఆవిడ వెనకనుంచి చొక్కా పట్టి లాగకపోతే నాకేసేవాణ్ణే.

తప్పు పూర్తిగా నాది కాదు. ఆ కల్యాణమండపంలో భోజనాలకు వెళ్ళే దారిలో గోడకు ఒక పెద్ద రాతిపలక బిగించి ఉంది. లేత పసుపు రాయి. దాని మీద నల్లగా, కొమ్మలు కొమ్మలుగా, ఫెర్ను ఆకును సిరాలో ముంచి అద్దినట్టు ఒక బొమ్మ. పెళ్ళికొచ్చినవాళ్ళు దాని పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకుంటున్నారు. నేను వంగి, సెల్‌ఫోను లైటు పక్కనుంచి కొట్టి చూసి, నాలుక కొంచెం బయట పెట్టాను. అంతలో మా ఆవిడ పట్టేసింది.

"ఆయన పోతా పోతా ఈ జబ్బు నీకు అంటిచ్చి పోయినాడా?" అంది.

మండపం యజమాని శెట్టిగారు దూరం నుంచి ఇదంతా చూసి నవ్వుతూ వచ్చాడు. ఆయనకు ఆ ఊళ్ళో బట్టల కొట్టు ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళకు వినబడేట్టు గొంతు పెంచి, "ఇది ఆకు కాదప్పా! సూసేదానికి ఆకు మాదిరే ఉంటాది. రాళ్ళ సారు సొయానా నాకి సెప్పినాడు" అన్నాడు. ఎంత గర్వమో ఆ గొంతులో. ఇదే శెట్టిగారు, ఇదే గోడ దగ్గర, ఇదే మాట అన్నందుకు ఒకప్పుడు రాళ్ళ సారును మెడపట్టి గెంటినంత పని చేశాడు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

రాళ్ళ సారు పోయి ఏడాది దాటింది. మదనపల్లెలో ఒకే డిగ్రీ కాలేజీలో ఆయన బాటనీ చెప్పేవాడు, నేను కామర్సు. స్టాఫ్‌రూములో మా టేబుళ్ళు పక్కపక్కనే. కోట్ల ఏళ్ళ కిందటి ఆకుల లాటిన్ పేర్లు గడగడా చెప్పే ఆ మనిషికి సాటి మనుషుల పేర్లు మాత్రం నిలిచేవి కావు. అందర్నీ సబ్జెక్టు పేరుతోనే పిలిచేవాడు. "ఏం కామర్సూ, టీ తాగుదామా?" "మ్యాథ్సు యాడికి పోయింది, కనబడలే?" ఇన్నేళ్ళలో నా పేరు ఒక్కసారి కూడా ఆయన నోటి నుంచి వినలేదు. కాబట్టి ఆయన పేరు నేనూ ఇక్కడ రాయను. చెల్లుకు చెల్లు.

మెడలో నల్లతాడుకు ఒక చిన్న భూతద్దం వేలాడేది. తాయెత్తు అనుకుని కొత్తగా వచ్చిన అటెండర్లు ఏ దర్గాలో కట్టించుకున్నారని అడిగేవాళ్ళు. చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు, టూత్‌బ్రష్షు ఉండేది. అది రాళ్ళకు పళ్ళు తోమడానికి. ఇక చేతులకు ఒక అలవాటు. ఏది దొరికినా తిప్పి అడుగు చూడడం. పెళ్ళిపత్రిక ఇస్తే ముందు వెనకవైపు చూసేవాడు. ప్రిన్సిపాలు పంపిన సర్క్యులరు తిప్పి, "అడుగున ఏమీ లేదు" అని పక్కన పెట్టేసేవాడు. హోటల్లో దోసె వస్తే తినేముందు తిరగేసేవాడు. సర్వరు భయపడి, "మాడలేదు సార్, చూసే తెచ్చినా" అనేవాడు.

అన్నింటికన్నా ఘోరం పెళ్ళి భోజనాలు. అరటాకు వేసి నీళ్ళు చల్లగానే అందరూ తుడుచుకుంటారు. ఈయన దాన్ని ఎత్తి, వెల్తురుకు పట్టి, అడుగు ఈనెలు చూస్తూ కూర్చునేవాడు. వడ్డించేవాడు అన్నం గరిటెతో నిలబడి, ఆకు ఎప్పుడు దిగుతుందా అని ఎదురుచూసేవాడు. పక్కన కూర్చున్న పాపానికి నాకూ ఆలస్యమే. "సార్, అది అరటాకు. నిన్నా అదే, ఈరోజూ అదే" అని నేను కసిరితే, "పైన సూస్తే అన్నీ ఒగే మాదిరి ఉంటాయి కామర్సూ. అడుగు సూసినాకే మాట్లాడల్ల" అనేవాడు.

ఆ మాట ఆయన చదువులోంచి వచ్చింది. ఎప్పుడో చిత్తడి నేలల్లో రాలి, బురదలో కూరుకుపోయి, ఆ బురదే రాయి అయిపోతే, ఆ రాతిపొరల మధ్య నల్లగా నిలిచిపోయిన ఫెర్ను ఆకులు చూసి, ఇది ఏ జాతి, ఏ వంశం అని తేల్చడం ఆయన పని. ఫెర్ను అంటే పువ్వూ కాయా లేని మొక్క. మరి దాని సంతానం ఎట్లా అంటే, ఆకు అడుగున గోధుమరంగు చుక్కలు వరసగా ఉంటాయి, వాటిలో పొడి ఉంటుంది, దానికి ఆ పొడే విత్తనం లెక్క. ఈ సంగతి నాకు పుస్తకంలో తెలియలేదు. ఒకసారి పిల్లల్ని హార్సిలీ కొండకు తీసుకుపోతూ నన్నూ లాక్కుపోయాడు. బండ నీడలో ఒక ఫెర్ను ఆకు తుంచి, నా తెల్లచొక్కా మీద బోర్లించి, చేత్తో ఫట్టున చరిచాడు. తీసి చూస్తే జేబు మీద చుక్కల వరసలు అచ్చుపడ్డాయి. "ఇదో, దీని పిలకాయలు" అన్నాడు సంతోషంగా. మా ఆవిడ ఎంత ఉతికినా ఆ పిలకాయలు పోలేదు.

పాతకాలంలో చూడడానికి అచ్చం ఫెర్ను ఆకులాగే ఉండి, ఫెర్ను కాని మొక్కలు బోలెడు ఉండేవట. ఆకు ఆకారం చూసి మోసపోకూడదు, చుక్కలు కనబడితేనే వంశం చెప్పాలి. "మన ఊర్లో ఇల్లు బాడుగకు ఇచ్చేముందు ఇంటిపేరు అడుగుతారు సూడు, మేము అట్ల కాదు. మేము అడుగే సూస్తాము" అనేవాడు. బజారులో అమ్మే ప్లాస్టిక్కు ఫెర్ను తెచ్చి ప్రాక్టికల్ పరీక్షలో పెట్టాడు ఒక ఘనుడు. సారు దాన్ని కూడా తిప్పి చూసి, "పాపం, దీనికి పిల్లలు పుట్టరు నాయనా" అని జాలిపడ్డాడు.

ఇంత చదువు చదివి ఆయన వచ్చిపడింది ఎక్కడికి? మదనపల్లెకు. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా ఎక్కడ తవ్వినా నల్లబండ, బూడిదరంగు బండ. నిప్పులోంచి పుట్టిన రాయి. "ఈ రాయి పుట్టినప్పుడు లోకంలో ఆకు అనేదే లేదప్పా" అని ఆయనే చెప్పేవాడు. కుప్పంలో పడవల మెకానిక్కు షాపు తెరిచినట్టుంది ఆయన పరిస్థితి. కానీ మన జనం ఊరుకుంటారా? రాళ్ళలో ఆకులు చూసే సారు ఒకాయన ఉన్నాడని తెలిసింది మొదలు, గుర్రంకొండ నుంచి ఒకరు, కలకడ నుంచి ఒకరు రాళ్ళు మోసుకొచ్చేవాళ్ళు. బావి తవ్వుతుంటే దొరికిందని, పొలంలో నాగలికి తగిలిందని. తెచ్చిన ప్రతి రాయి మీదా చెట్టు బొమ్మ ఉండేది. తెచ్చినవాటిలో ఒక్క బొమ్మా చెట్టు కాదు.

సారు ఎవర్నీ గుమ్మంలోంచి పంపేవాడు కాదు. కూర్చోబెట్టి, టీ ఇప్పించి, భూతద్దం పెట్టి చూసి, లైటు పక్కనుంచి కొట్టి చూసి, చివరకు నాలుకతో ఒక్కసారి నాకేవాడు. నిమ్మనపల్లె రైతు ఒకాయన మొదటిసారి ఇది చూసి, "రుసి ఎట్లుండాది సారూ?" అని అడిగాడు, చాలా మర్యాదగా.

"రుసి కాదు నాయనా. తడిస్తే గీతలు పైకి లేస్తాయి."

"దానికి రవ్వన్ని నీళ్ళు పోస్తే సాలదా?"

"పోయొచ్చు. యాడికి పోయినా నీళ్ళు ఎవడు మోస్తాడు? నాలిక ఎట్లనూ వెంబడే వస్తాది గదా."

ఆ తర్వాత తీర్పు. "ఇది ఆకు కాదు నాయనా. రాయి సందులో నీళ్ళు దూరి, నల్లమన్ను వదిలి ఆరిపోతే, ఇట్ల కొమ్మలు కొమ్మలుగా పాకుతాది. నీళ్ళు గీసిన బొమ్మ ఇది. దీనికి అడుగు లేదు." రైతు ముఖం చిన్నబోయేది. సారు ముఖం అంతకన్నా చిన్నబోయేది. ప్రతిసారీ ఈసారైనా ఆకు అవుతుందేమోనని ఆశపడేవాడు ఆ పిచ్చిమనిషి. అది నాకు చూస్తూనే తెలిసేది.

ఇప్పుడు మునెమ్మక్క గురించి చెప్పాలి. ఆమె సారు భార్య. పుట్టిల్లు కుప్పం. పెళ్ళయిన కొత్తలో హనీమూను అని చెప్పి సారు ఆమెను ఒంగోలు వైపు ఒక పల్లెకు తీసుకుపోయాడు. బావుల్లోంచి తోడిపోసిన తెల్ల మట్టిరాళ్ళ గుట్ట మీద కూర్చోబెట్టి, తాను పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాళ్ళు పగలగొట్టుకుంటూ ఉండిపోయాడు. ఆమెకు ఒళ్ళు మండి, చేతికందిన సుత్తి తీసుకుని చేతికందిన రాయిని ఒక్కటి కొట్టింది. సారు నెత్తి మీద కొట్టలేక రాయిని కొట్టానని ఆమే చెప్పేది. రాయి పుస్తకంలా విచ్చుకుంది. లోపల ఒక ఆకు.

ఎవరూ ఇంతకుముందు చూడని ఫెర్ను అది అని సారు తేల్చాడు. వ్యాసం రాసి, మునెమ్మ పేరుకు లాటిన్ తోక తగిలించి ఆ ఆకుకు పెట్టాడు. విచ్చుకున్న రాయిలో ఒక ముక్క సాక్ష్యంగా ఒక పెద్ద సంస్థ బీరువాలోకి వెళ్ళింది. జోడీ ముక్క ఇంటికి వచ్చింది. సారు మిగతా రాళ్ళన్నీ టమోటా పెట్టెల్లో, మంచం కింద. వాటి మీద మునెమ్మక్కకు రోజూ కారాలు మిరియాలే. ఆ ఒక్క రాయి మాత్రం ఫ్రిజ్జు మీద, అల్లిన గుడ్డ పరిచి, దేవుడి పటం పక్కన. ఒక శుక్రవారం దానికి పసుపు కుంకుమ పెట్టేసింది కూడా. సారు వారం పాటు టూత్‌బ్రష్షుతో కుస్తీ పట్టాడు.

ఇంటికి ఎవరొచ్చినా ఆమె ముందు ఆ రాయి చూపించేది. కూరగాయల బండివాడికీ చెప్పేది. "నా పేరుతో ఒగ ఆకు ఉండాది తెల్సునా. శానా పాతది."

"ఎంత పాతదక్కా?"

"మా అత్త కంటే పాతది."

అయిదో తరగతితో బడి మానేసిన మనిషి. తన పేరు దేశదేశాల పుస్తకాల్లో ఉందంటే, ఆమె దాన్ని బంగారం కన్నా ఎక్కువగా చూసుకుంది. చీరలు కొనడానికి పుంగనూరు శెట్టిగారి కొట్టుకు వెళ్ళినప్పుడు ఆయనకూ చెప్పింది. అక్కడే వచ్చింది చిక్కు.

శెట్టిగారు కల్యాణమండపం కట్టి, రాజస్థాను నుంచి లారీలో వచ్చిన రాళ్ళలో ఒకదాని మీద ఆకు బొమ్మ కనబడితే, అది కోట్ల ఏళ్ళ నాటి సంజీవని ఆకు అని ఊరంతా చాటాడు. ప్రారంభోత్సవానికి సారును పిలిచాడు, మైకులో రెండు మంచి మాటలు చెప్పమని. నా స్కూటరు మీద వెళ్ళాం. దారి పొడుగునా బతిమాలాను.

"సార్, 'ఆకు లాగా ఉంది' అనండి చాలు. అది అబద్ధం కూడా కాదు."

"కాదు" అని ఒప్పుకున్నాడు.

వెళ్ళీ వెళ్ళగానే గోడ నాకాడు. జనం నోళ్ళు తెరిచారు. మైకు అందుకుని, "అందరికీ నమస్కారం. ఇది ఆకు మాదిరే ఉండాది" అన్నాడు. నేను గట్టిగా ఊపిరి వదిలాను. "గానీ, ఆకు కాదు" అన్నాడు.

హాలు హాలంతా గుసగుసలు. శెట్టిగారి ముఖం ఎర్రబడింది. "ఏం సారూ, పెండ్లికి పిల్చి ముందు వరసలో కూసోబెడితే, పెండ్లికొడుక్కు ఉండేది విగ్గు అని మైకులో సెప్పినట్లుండాదే!"

"ఆకు కంటే బాగుండాది శెట్టీ. నీళ్ళు గీసిన బొమ్మ..."

"నువ్వు సెప్పేది ఆపు సారూ! యాల కాదంటావు? అడుగు లేదనే గదా నువ్వు అందరికీ సెప్పేది? మీ మునెమ్మక్క పేరు పెట్టుకున్న రాయి ఉండాది గదా మీ ఇంట్లో. దాని అడుగు సూసినావా నువ్వు? అదన్నా ఫెర్నేనా?"

సారు ఏమీ అనలేదు. మైకు ఆయన చేతిలోనే ఉంది కాబట్టి, ఆ ఏమీ అనకపోవడం హాలంతా వినిపించింది.

భోజనం పెట్టారు. మా వరస దగ్గరికి వచ్చేసరికి ఓళిగలు, అదే బొబ్బట్లు, అయిపోయాయన్నారు. అయిపోలేదని నాకు తెలుసు, వెనక వరసకు వడ్డించడం కళ్ళారా చూశాను. ఆ కోపంలో ఉండి ఒక సంగతి ఆలస్యంగా గమనించాను. సారు ఆ రోజు అరటాకు తిప్పలేదు.

స్కూటరు మీద మదనపల్లె చేరాం. ఇంటి ముందు దిగి అప్పుడన్నాడు. "శెట్టి అడిగింది సరైన మాటే కామర్సూ. నేను సూల్లేదు."

అప్పుడు విడమరిచి చెప్పాడు. ఆ ఆకు రాతిలో బోర్లా పడుకుని ఉంది. పైకి కనిపించేది వీపు మాత్రమే. చుక్కలుండే కడుపు రాయికి అంటుకుని ఉంది. వీపు చూసి, ఈనెలు చూసి, కొత్త ఫెర్ను అని ధైర్యంగా పేరు పెట్టేశాడు. కుర్రతనం, పైగా కొత్త పెళ్ళాం. కడుపు వైపు చూడాలంటే ఒకటే దారి. వీపును గాజుపలకకు అతికించి, వెనకనుంచి రాయిని కోసుకుంటూ, గీక్కుంటూ రావాలి. రాయి పోతుంది. చెయ్యి జారితే ఆకూ పోతుంది. ప్రపంచంలో అన్నింటినీ తిప్పి చూసిన మనిషి, ఫ్రిజ్జు మీద ఉన్న ఆ ఒక్కదాన్ని ఇన్నేళ్ళూ తిప్పలేదు. నాకు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూశాక ఆగిపోయింది.

"వదిలేయండి సార్. శెట్టి ఏదో కోపంలో అన్నాడు. మీరు చూడకపోతే ఎవరికి నష్టం?" అన్నాను.

"ఎవురికీ లేదు" అన్నాడు. కానీ ఆయన పాడైపోయాడు. నెలల తరబడి దోసె తిప్పడు, సర్క్యులరు తిప్పడు. ఎవరైనా రాయి తెస్తే, పని ఉందని తప్పించుకుంటాడు. పదవీ విరమణ సభలో శాలువా కప్పితే దాని అడుగు కూడా చూడలేదు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

తేల్చింది మునెమ్మక్క. ఒక ఆదివారం నాకు ఫోను చేసి కారు తీసుకురమ్మంది. వెళ్ళేసరికి రాయిని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన సారు, దొంగతనం చేసి దొరికినవాడిలా.

"కుప్పం పోదాం పదప్పా. మా తమ్ముని షెడ్డులో కోతమిషన్ ఉండాది" అంది. ఆమె తమ్ముడికి అక్కడ గ్రానైటు పాలిషు షెడ్డు ఉంది.

"మునెమ్మా, ఇంగోసారి ఆలోసించు..." అన్నాడు సారు.

"ఊర్లోవాళ్ళ రాళ్ళకంతా ఆకు కాదు, ఆకు కాదు అని మొగం మీదే సెప్పొస్తివి. వాళ్ళందరికీ ఏడుపు రాలేదా? మన రాయికి యాల భయం?"

కారులో పలమనేరు దాటాక ఆమే మళ్ళీ అడిగింది. "సుక్కలు లేకుంటే ఏమయితాది?"

"ఫెర్ను కాదని అర్థం. వేరే వంశంలోకి మారస్తారు. నీ పేరు నీకే ఉంటాది, దాని ముందర ఇంటిపేరు మారతాది."

"అంతేనా? అది నాకు పెండ్లిలోనే మారిందిలే" అని కిటికీ వైపు తిరిగింది.

షెడ్డులో మునెమ్మక్క తమ్ముడు పనివాళ్ళందర్నీ పక్కకు పంపి, బావ కోసం మిషను తానే పట్టాడు. పగుళ్ళు పూడ్చే జిగురుతో ఆకు వీపును గాజుపలకకు అతికించారు. అది గట్టిపడ్డాక కోత. ఆ మిషను ఇంటిగోడంత బండల్ని కోసే మిషను. దాని ముందు ఈ రాయి అరచేతి మందం. కోసే పళ్ళెం తిరుగుతుంటే సారు గోల. "నీళ్ళు తగ్గించు! మట్టిరాయి అది, కరిగిపోతాది! నిదానం! నిదానం రా!" బావమరిది, "బావా, నువ్వు రవ్వంత సేపు బయట కూసోరాదా" అని దండం పెట్టాడు. చివరకు వెనకవైపు పలచటి పొర మిగిలింది. సారు నేలమీద కూర్చుని, మునెమ్మక్క కుట్టుసూది తీసుకుని, గీకడం మొదలుపెట్టాడు. టూత్‌బ్రష్షు, సూది, టూత్‌బ్రష్షు, సూది. మేమంతా చుట్టూ నిలబడ్డాం. ఆపరేషను థియేటరు బయట ఉండాల్సినవాళ్ళం లోపలే ఉన్నట్టుంది.

మధ్యాహ్నం భోజనం వద్దన్నాడు. నేను వద్దనలేదు. తిని వచ్చేసరికి కేక వినబడింది.

"సుక్కలు! సుక్కలుండాయి! మునెమ్మా, సుక్కలు!"

ఒళ్ళంతా రాతిపొడి, నెత్తి తెల్లగా, సూది చేతిలో పట్టుకుని ఎగురుతున్నాడు. బావమరిదిని కౌగిలించుకున్నాడు. నన్ను కౌగిలించుకున్నాడు, ఇంకో చొక్కా పోయింది. "ఫెర్నేరా! అసలు సిసలు ఫెర్ను! శెట్టికి ఫోను సెయ్యండి!" మునెమ్మక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పనివాళ్ళు ఏమీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టారు.

సారు మళ్ళీ కూర్చుని భూతద్దం పెట్టాడు. ఇంకోసారి పెట్టాడు. లైటు పక్కనుంచి కొట్టాడు. భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

"ఏమయ్యా, పోయినాయా సుక్కలు?" అంది మునెమ్మక్క.

"ఉండాయి."

"మళ్ళ మొగం యాల అట్ల పెట్టినావు?"

"ఉండాయి గానీ, ఇవి నాకు తెల్సిన సుక్కలే. అంచు పక్కన, ఒగే వరస. ఈ సుక్కల ఆకుకు ఎప్పుడో, మనం పుట్టకముందే, ఒకాయన పేరు పెట్టినాడు. అదీ ఇదీ ఒగటే. సుక్కలు కనబడక నేను కొత్తది అనుకుంటి." భూతద్దం వదిలేశాడు. "రెండు పేర్లుంటే పాతదే నిలబడల్ల. అది మా రూలు. నీ పేరు నిలబడదు మునెమ్మా."

నాకు శెట్టి మీద పట్టరాని కోపం వచ్చింది. ఇది మాలో మాట, బయట ఎవరికి తెలుస్తుంది అని నేను అనబోతుంటే మునెమ్మక్క అడ్డుపడింది.

"నా పేరు కొట్టేస్తారా?"

"కొట్టేయరు. పైన పాత పేరు రాస్తారు. దాని అడుగున, సన్న అక్షరాల్తో, నీ పేరు రాస్తారు. ఈ ఆకు గురించి పద్ధతిగా ఎవురు రాసినా అడుగున నీ పేరు రాయల్సిందే."

"అడుగునా?"

"అడుగున."

"నువ్వు ఎప్పుడూ సూసేది అడుగే గదా. ఉండనీలే. రాసెయ్" అంది.

రాశాడు. తాను పెట్టిన పేరు చెల్లదని తానే వ్యాసం రాసి పంపాడు. అది అచ్చయిన వారమే నన్ను స్కూటరు తీయమని పుంగనూరు తీసుకుపోయి, శెట్టిగారి కొట్టులో, చీరలు కొంటున్నవాళ్ళ మధ్య నిలబడి, "నువ్వడిగినావు గదా శెట్టీ, సూసినాను. ఫెర్నే. గానీ పేరు పోయింది" అన్నాడు. శెట్టిగారు కొలుస్తున్న గుడ్డ వదిలేశాడు. ఆ రోజు మమ్మల్ని ఇంటికి తీసుకుపోయి మరీ ఓళిగలు పెట్టించాడు. నేను పాత బాకీ కూడా కలుపుకుని తిన్నాను. సారు అరటాకు ఎత్తి అడుగు చూశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పటినుంచి మండపంలో గోడ గురించి ఎవరడిగినా శెట్టిగారిది ఒకటే జవాబు. "సొంత పెండ్లాం పేరే తీసేసినోడు, నా గోడను ఇడుస్తాడా? ఆకు కాదంటే కాదంతే."

గాజుపలక మళ్ళీ ఫ్రిజ్జు మీదికి చేరింది. ఇప్పుడు రెండువైపులా చూడొచ్చు. మునెమ్మక్క వచ్చినవాళ్ళకు తిప్పి మరీ చూపించేది. "పైన ఇంగెవరిదో పేరు. అడుగున నాది" అని చెప్పేది, ఏ మాత్రం తగ్గకుండా. సారు పక్కన కూర్చుని, చుక్కలు చూపించేటప్పుడు వేలు తగలనివ్వద్దని గోల పెట్టేవాడు. ఆ ఇంట్లో అంత సంతోషంగా వాళ్ళిద్దర్నీ అంతకుముందు నేను చూడలేదు.

పోయిన ఏడాది ఎండాకాలంలో సారు నిద్రలోనే పోయాడు. వాళ్ళలో పూడ్చడమే ఆచారం. కుప్పం దగ్గర మునెమ్మక్క తమ్ముని మామిడితోట చివర పూడ్చారు. పుంగనూరు పెళ్ళి అయిన వారానికి ఏడాది కర్మ వచ్చింది. ఆ రోజు సమాధి మీద పరచడానికి షెడ్డు నుంచి పెద్ద నల్లరాయి తెచ్చారు. అద్దంలా పాలిషు చేసి, పైన ఆయన పేరు, చదువు చెక్కారు. పూజ అయ్యేదాకా దాన్ని ట్రాక్టరుకు ఆనించి నిలబెట్టారు. అందరూ ముందువైపు నిలబడి, అక్షరాలు బాగా వచ్చాయని మెచ్చుకున్నారు. నాకు ఆ జబ్బు ఉంది కదా. వెనక్కి వెళ్ళాను.

వెనకవైపు పాలిషు లేదు. గరుకుగా ఉంది. ఆ గరుకు మీద నిలువునా ఒక ఫెర్ను ఆకు చెక్కి ఉంది.

మునెమ్మక్క నా పక్కకు వచ్చి నిలబడింది.

"అక్కా, ఇది కిందికి పోతుంది కదా. పైన చెక్కించి ఉంటే అందరూ చూసేవాళ్ళు. కింద ఎవరు చూస్తారు?" అన్నాను.

"పైన మీరు సూడండప్పా. అడుగు ఆయన సూస్తాడు" అంది.

ఆమె వేలితో ఆకు అంచు చూపించింది. "సుక్కలు సరిగ్గా ఉండాయా సూడు కామర్సూ. తప్పుంటే ఊరుకోడు."

వంగి, సెల్‌ఫోను లైటు పక్కనుంచి కొట్టాను. కళ్ళు మసకబారి సరిగా కనబడలేదు. చుట్టూ ఎవరూ చూడకుండా నాలుకతో ఒకసారి తడిపి చూశాను. అంచు పక్కన, ఒకే వరస. సరిగ్గానే ఉన్నాయని చెప్పాను. అప్పుడు ఆమె తమ్ముణ్ణి పిలిచి, రాయి దించమంది.